వెండి కప్పు – అద్దె సైకిలు

మన కళాశాల పూర్వ విద్యార్థులు కొందరు క్రీడల నిమిత్తం కొంత ధనం విరాళంగా ఇవ్వదలచినారన్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ ధనంతో ఒక వెండి కప్పు చేయించి, ఏటేటా గెలిచిన జట్టుకు బహూకరించి, మిగిలిన దినాలలో దానిని ప్రిన్సిపాలు గారి గదిలోని అద్దాల బీరువాలో ఉంచవలెనని ఒక ప్రతిపాదన వచ్చినది. కమిటీ పెద్దలు దానికి సుముఖంగా ఉన్నట్లు వింటున్నాము. ప్రతిపాదించిన వారి సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. అయినను నిర్ణయం జరుగక మునుపే ఒక పాత కప్పు కథను వారి ముందుంచడం మా విధి అనుకొంటున్నాము. తెలుగు పాఠం చెప్పుకొనే వారికి ఆటల గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు.

1872వ సంవత్సరం డిసెంబరు 25వ తేదీ, క్రిస్మస్ పండుగ నాడు, కలకత్తాలో దొరలు ఒక రగ్బీ పోటీ జరిపినారు. రగ్బీ అంటే మన విద్యార్థులలో చాలామంది చూచి ఎరుగని ఆట. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చంకన పెట్టుకొని పరుగెత్తవచ్చును, అడ్డు వచ్చినవారు నడుము పట్టి పడవేయవచ్చును. చేతితో అందించడం మాత్రం పక్కకు, వెనుకకే గాని ముందుకు కూడదు. మన కబడ్డీ ఆడిన పిల్లవానికి ఇందులో సగం ఆట నేర్పనక్కరలేదు. ఆనాడు ఒకవైపు ఇంగ్లండు వారు ఇరువదిమంది, మరొకవైపు స్కాట్లండు, ఐర్లండు, వేల్సు దేశాల వారు కలిసి ఇరువదిమంది తలపడినారు. సరదా తీరక వారం తిరగకుండానే మళ్ళీ ఆడినారు. 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు వెలసినది. మరుసటి ఏడే అది లండనులోని రగ్బీ సమాఖ్యలో సభ్యత్వం కూడ పొందినది.

మొదటి ఏడాది క్లబ్బు కళకళలాడినది. దానికి ఒక కారణం, చెప్పుకొనడానికి కొంచెం ఇబ్బందికరమైనదే: సభ్యులకు మద్యం ఉచితం. ఆ సదుపాయం ఎత్తివేయగానే సభ్యులు పలుచబడినారు. ఆట మీద ప్రేమతో వచ్చినవారెందరో, గ్లాసు మీద ప్రేమతో వచ్చినవారెందరో అప్పుడు తేలిపోయినది. పైగా బెంగాలు ఉక్కలో పెనుగులాడే ఆట. పోలో, టెన్నిసు ఆ వాతావరణానికి ఎక్కువ అనుకూలమని పలువురు అటు మళ్ళినారు. బాగా ఆడే సైనికులున్న పటాలాలు వేరే ఊళ్ళకు తరలిపోయినవి. అయిదేండ్లు నిండేసరికి మైదానంలో దిగేందుకు మనుషులు లేరు, బ్యాంకులో మాత్రం రూపాయలున్నవి.

ఆ చివరి కాలంలో క్లబ్బు పెద్దలు చేసిన పని ప్రపంచ క్రీడాచరిత్రలో నిలిచిపోయినది. నిలువ ఉన్న సొమ్మును వెండి రూపాయల రూపంలో తీసికొని, కరిగించి, భారతీయ పనితనంతో ఒక కప్పు చేయించినారు. దాని ఎత్తు సుమారు పద్దెనిమిది అంగుళాలు. పిడులు మూడు నాగుపాములు, మూతపైన ఏనుగు. 1878లో దానిని లండను సమాఖ్యకు కానుకగా సమర్పించినారు. 1879 మార్చి 10న ఎడింబరో నగరంలో ఇంగ్లండు, స్కాట్లండు జట్లు మొదటిసారి దానికోసం ఆడినవి, ఎవ్వరూ గెలువలేదు. అది మొదలు నేటివరకు ఆ రెండు దేశాల జట్లు ఏటేటా ఆడుకొనేది ఆ కలకత్తా కప్పు కోసమే. 1988లో, ఆట ముగిసిన రాత్రి, రెండు జట్ల ఆటగాళ్ళు ఇద్దరు దానిని ఎడింబరో వీధులలో బంతివలె తన్నుకొంటూ పోయినారట. పాపం, మన కంసాలుల చేతిపని సొట్టలు పడినది. తరువాత బాగుచేయించినారు గాని, అసలు కప్పును నేడు ఎంతో జాగ్రత్తగా దాచుకొంటున్నారు.

ఈ కథను రెండు విధాలుగా చెప్పవచ్చును. ఆ కప్పే లేకపోతే అయిదేండ్లు బ్రతికిన ఒక క్లబ్బును ఎవరు తలచుకొందురు, కాబట్టి కప్పు చేయించడమే వివేకం అనేవారున్నారు. మా సహాధ్యాపకులొకరు మాతో ఈ మాటే అన్నారు. ఆ మాటలో నిజమున్నది, కాదనము. అంతరించిపోతున్న క్లబ్బుకు అంతకంటె గౌరవప్రదమైన ముగింపు దొరకదు. కాని వారు ఆ పని చేసినది ఆట ముగిసిన తరువాత, ఆడేవారు లేక. మన కళాశాలలో ఆడే పిల్లలున్నారు. బ్రతికి ఉన్నవాని పేర సమాధిరాయి చెక్కించడం ఎందుకు? కలకత్తాలో రగ్బీ మరికొన్నేండ్లకు మళ్ళీ లేచినది. 1890లో అక్కడి క్లబ్బుల మధ్య వేరొక కప్పు కోసం పోటీలు మొదలైనవి. ఈ శతాబ్దంలో జంగిల్ క్రోస్ అనే సంస్థ ద్వారా అక్కడి బస్తీల బాలబాలికలు ఆ ఆట ఆడుతున్నారు. వారిని మైదానానికి రప్పించినది కరిగించిన రూపాయలు కావు, పిలిచి నేర్పిన మనుషులు.

రూపాయి అనగానే మాకు మన హైదరాబాదు కథ ఒకటి గుర్తుకు వస్తున్నది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి పేరు 2024లో వచ్చిన ‘మైదాన్’ చలనచిత్రం వల్ల మన విద్యార్థులు కొందరైనా వినియుందురు. (మైదాన్ అన్నది ఉర్దూలో ఉన్న మాటే, తెలుగులో మైదానం. మన కళాశాల ఉభయభాషలకూ చెందిన మాట అది ఒక్కటి చాలును.) రహీమ్ సాబ్ 1909లో జన్మించినారు. ఉస్మానియాలో చదివినారు. వృత్తి మనదే, బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, దొరలు 1891లో నెలకొల్పిన బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలుచుకొన్నది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది. జకార్తా నుండి వచ్చిన ఏడాదిలోగానే, 1963 జూన్ 11న, క్యాన్సరు వ్యాధితో ఆయన కన్నుమూసినారు.

ఇన్ని కప్పులకంటె మాకు ఆయన జీవితంలో ఒక చిన్న విషయం పెద్దదిగా తోస్తున్నది. సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేదింటి కుర్రవాడు బంతి బాగా ఆడుతున్నాడని రహీమ్ సాబ్ చూచినారు. నగరంలో జరిగే సాధనకు రమ్మన్నారు. అంత దూరం వచ్చేందుకు తన వద్ద డబ్బు లేదన్నాడు ఆ కుర్రవాడు. అప్పుడు రహీమ్ సాబ్ రోజుకొక రూపాయి ఇచ్చి, సైకిలు అద్దెకు తీసికొని రమ్మన్నారని బలరామ్ గారే పెద్దతనంలో చెప్పుకొనేవారు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రవాడు మెల్బోర్నులో ఆడినాడు, 1960లో రోములో ఆడినాడు, జకార్తా స్వర్ణపతకం మెడలో వేసికొన్నాడు. ఆయన 2023లో పరమపదించినారు. ఒక రూపాయి మూసలో పడితే ఏమైనదో, మరొక రూపాయి సైకిలు కొట్టులో పడితే ఏమైనదో పాఠకులే పోల్చుకొందురు గాక.

ఇక మన నార్కట్‌పల్లి సంగతి. మన విద్యార్థులలో ఊరివారికంటె పరిసర గ్రామాలవారే ఎక్కువ. అమ్మనబోలు, నెమ్మాని, చెర్వుగట్టు, బ్రాహ్మణవెల్లెంల వైపు నుండి వస్తున్నారు. మూడేండ్లుగా మేము గమనిస్తున్నదేమనగా, సాయంకాలం గంట కొట్టగానే మైదానం వైపు నడవవలసిన పిల్లలు హైవే వైపు పరుగెత్తుతున్నారు. ఆ బస్సు తప్పితే కొన్ని ఊళ్ళకు మళ్ళీ బస్సు ఎప్పుడో. 2023 డిసెంబరు నుండి బాలికలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమే, సంతోషం. కాని రాని బస్సు ఉచితమైతేనేమి, కాకపోతేనేమి? ఆటో మాట్లాడుకొందామంటే అది కూలినాలి చేసికొనే తలిదండ్రులకు భారం. బాలికల విషయంలో చీకటి పడుతుందన్న భయం వేరే. ఖోఖోలో మెరుపువలె కదిలే ఒక బాలిక, జిల్లా పోటీలకు ఎంపిక కాగల సామర్థ్యం ఉన్నదని పి.డి. గారు చెప్పిన బాలిక, నిరుడు ఒక్కరోజు కూడ సాధనకు నిలువలేకపోయినది. ఆమె పేరు ఇక్కడ వ్రాయము. ఆమె ఎక్కే బస్సు మాత్రం మాకు తెలుసును.

కాబట్టి మా మనవి ఇది. ఆ విరాళం సొమ్ముతో వారానికి మూడు రోజులు, సాధన ముగిసిన తరువాత, రెండు దారులలో రెండు ఆటోలు కుదుర్చవలెను. బాలికల ఆటోలో ఒక ఉపాధ్యాయిని వెంట వెళ్ళవలెను. అందుకు మా సహాధ్యాపకురాండ్రు ఇద్దరు వంతులవారీగా ఒప్పుకొన్నారు కూడ. మిగిలిన దానితో మైదానంలోని మొరం చదును చేయించి, పల్లేరుకాయలు పీకించినా మంచిదే. ఉత్తకాళ్ళతో కబడ్డీ ఆడేవారికి ఆ బాధ తెలుసును. గెలిచినవారికి ఏదో ఒకటి ఇవ్వవలసినదే గదా అంటారా, బజారులో దొరికే ఇత్తడి కప్పు చాలును.

కప్పు వలన కళాశాలకు హుందాతనం వస్తుందని, పత్రికలలో బొమ్మ పడుతుందని ఒక పెద్దలు అన్నారు. పడుతుంది. విరాళం ఇచ్చిన వారి పేర్లు కప్పుపై చెక్కవచ్చును, ఆటోపై చెక్కలేము, ఆ చిక్కు మాకూ అర్థమవుతున్నది. దాతల పేర్లు మైదానం గేటుపై పలక పెట్టి వ్రాయించవచ్చునని మా సూచన.

కమిటీ సమావేశం వచ్చే నెలలో జరుగనున్నది. అంతలోగా పెద్దలలో ఒక్కరైనా ఏదో ఒక పనిదినాన, సాయంకాలం నాలుగున్నర గంటలకు, మన గేటు వద్ద పది నిమిషాలు నిలిచి చూడవలెనని కోరుతున్నాము.