బొమ్మ కుదరలేదంటే తప్పు చేతిదా, కాగితానిదా?



మన గోడపత్రికలో బొమ్మలు ఎప్పుడూ ఉంటాయి గాని బొమ్మల గురించి ఎవరూ రాయరు. నేను ఈసారి బొమ్మ గురించి కూడా కాదు, బొమ్మ కింద ఉండే కాగితం గురించి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన హాస్టల్లో "నాకు వాటర్ కలర్ రాదు" అని కుంచె పక్కన పడేసినవాళ్ళలో చాలామందికి రంగు రాకపోవడం కాదు. వాళ్ళ చేతికి వచ్చిన కాగితం నీళ్ళకు పనికిరాదు.

పోయిన బాలల దినోత్సవం పోటీ గుర్తుందా? తలా ఒక పల్చటి డ్రాయింగ్ షీటు ఇచ్చారు. అంశం "మా ఊరు". మన ఊళ్ళంటే కొండలు, మంచు, పొయ్యి పొగ. అవి వేయాలంటే నీళ్ళు ఎక్కువ వాడాలి. గంటలో షీట్లన్నీ అప్పడాల్లా పైకి లేచాయి. ఆకాశం రంగు గుంటల్లోకి జారి అక్కడే మరకలు కట్టింది. ఆరో తరగతి తమ్ముడొకడు మళ్ళీ మళ్ళీ కుంచెతో రుద్దితే కాగితం పీచులు లేచి చిల్లు పడింది. బహుమతులు ఎవరికొచ్చాయి? స్కెచ్ పెన్నులతో వేసినవాళ్ళకి. వాళ్ళూ బాగానే వేశారు, కాదనను. కాని అది నీటిరంగుల పోటీ కదా. ఆ తమ్ముడు ఇప్పుడు డ్రాయింగ్ పీరియడ్లో లెక్కలు చేసుకుంటున్నాడు.

మా సవర ఇళ్ళల్లో గోడ మీద బొమ్మలు వేస్తారు. పెద్దల పేరు మీద వేస్తారు, ఇంట్లో జబ్బు చేస్తే వేస్తారు, పంట బాగుండాలని వేస్తారు. ముందు గోడను ఎర్రమట్టితో అలుకుతారు. అది ఆరాకే బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, సన్నటి పుల్లతో మనుషుల్ని, ఏనుగుల్ని, సూర్యుణ్ణి, చంద్రుణ్ణి వేస్తారు. అలకని గోడ మీద ఎవరూ పుల్ల పెట్టరు. కింద ఊళ్ళల్లో ముగ్గు వేసేవాళ్ళు కూడా ముందు కల్లాపి చల్లుతారు. బడికి వచ్చేసరికి మాత్రం రంగుల పెట్టె ఏ కంపెనీది, బ్రష్షు ఎన్నో నంబరు అని అడుగుతాం. కాగితం సంగతి ఎవరికీ పట్టదు.

నీటిరంగులో కాగితానికి ఇంకో పని కూడా ఉంది. పోస్టరు కలరు మందంగా ఉంటుంది, కింద ఏముందో కనబడదు. నీటిరంగు అద్దంలాంటిది. వెలుగు రంగులోంచి లోపలికి పోయి, కాగితం తెలుపుకి తగిలి తిరిగి మన కంటికి వస్తుంది. మంచు తెలుపు, జలపాతం తెలుపు మనం వేసేది కాదు, వేయకుండా వదిలేసేది. కాబట్టి కాగితం కూడా ఒక రంగే అనుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది జిగురు. కొత్త బట్టకి గంజి పెట్టినట్టు మంచి కాగితానికి జిగురు పట్టిస్తారు. పేరున్న కాగితాలకు జెలటిన్ వాడతారు, అంటే తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసేది. అది ఉంటే రంగు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైన నిలుస్తుంది. ఆ కాసేపట్లోనే మనం రంగుని జరపగలం, పక్క రంగుతో కలపగలం, ఎక్కువైతే గుడ్డతో తీయగలం. అద్దుడు కాగితానికి ఆ జిగురు ఉండదు, అందుకే సిరాని గుటుక్కున పీల్చేస్తుంది. సైన్సు ల్యాబులో వాడే ఫిల్టరు పేపరు పెట్టె మీద వాట్‌మన్ అనే పేరు చూసే ఉంటారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జేమ్స్ వాట్‌మన్ మిల్లు చేసిన కాగితం మీద టర్నర్ లాంటి గొప్ప చిత్రకారులు నీటిరంగులు వేశారు. పేరు ఒకటే. బొమ్మల కాగితానికి జిగురు ఉండేది, ఫిల్టరు కాగితానికి ఉండదు, నీళ్ళని వదిలేయడమే దాని పని. కొట్లో ఇచ్చే కాగితం ఏ రకమో తెలియకపోతే ఒక మూల ఒక్క నీటి చుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే కొనండి, వెంటనే నల్లబడి వెనక్కి దిగితే వద్దు. ఇంకో మాట. పెన్సిల్ గీతల్ని రబ్బరుతో గట్టిగా రుద్దితే ఆ జిగురు పోతుంది. తర్వాత అక్కడ రంగు ముదురుగా మచ్చ పడుతుంది.

తర్వాత బరువు. అట్ట మీద జీఎస్ఎం అని ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. మన నోటుబుక్కు కాగితం 60 దరిదాపుల్లో ఉంటుంది. నీటిరంగులకు 300 ఉంటే ధైర్యంగా తడపొచ్చు. పల్చటి కాగితం ఎందుకు లేస్తుందంటే, తడిసిన చోట పీచులు ఉబ్బి సాగుతాయి, తడవని చోట సాగవు, సాగినదానికి చోటు లేక పైకి లేస్తుంది. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. కాగితాన్ని ముందే పూర్తిగా తడిపి, చెక్కపలక మీద పరిచి, నీళ్ళు తగిలితే అంటుకునే గోధుమరంగు కాగితం టేపుతో నాలుగు వైపులా అంటించాలి. ఆరేకొద్దీ అది డప్పు తోలులా బిగుస్తుంది. ఆ మీద బొమ్మ వేస్తే 200 జీఎస్ఎం కాగితం కూడా చాలావరకు లొంగుతుంది. మామూలు సెల్లో టేపు తడి మీద అంటుకోదు, దాంతో ప్రయత్నించి టైము పాడుచేసుకోవద్దు.

ఇక ముఖం, అంటే పైభాగం. మూడు రకాలు. హాట్ ప్రెస్ అంటే వేడి రోలర్ల మధ్య నొక్కినది, నున్నగా ఉంటుంది. కోల్డ్ ప్రెస్ అంటే వేడి లేకుండా నొక్కినది, కొంచెం గరుకు. రఫ్ అంటే బాగా గరుకు. ఏది గొప్పది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏం వేస్తావు అని నేనే తిరిగి అడుగుతాను. విప్పపువ్వు ఈనెలు, పురుగు కాళ్ళు, విత్తనం మీద చారలు వేసేవాడికి నున్నటిదే కావాలి, గరుకు మీద సన్నగీత వణుకుతుంది. కాని అదే నున్నటి కాగితం మీద పెద్ద ఆకాశం వేయబోతే రంగు అంచులు కట్టి ఏడిపిస్తుంది. రాళ్ళు, చింతచెట్టు బెరడు, ఎండలో గెడ్డ నీళ్ళ మెరుపు కావాలంటే రఫ్ కాగితం మీద ఆరిన కుంచెతో అలా లాగి వదిలేయాలి. రంగు మిట్టల మీదే పడి పల్లాల్లో తెల్లచుక్కలు మిగులుతాయి. కొండల మీద పొద్దుటి మంచుకి కోల్డ్ ప్రెస్ మంచిది. అందులోనూ పత్తి పీచుతో చేసినదైతే తడి ఎక్కువసేపు ఉంటుంది, రంగు మెత్తగా పాకుతుంది. కర్రగుజ్జుతో చేసినది చవక, తొందరగా ఆరుతుంది. నేర్చుకోడానికి అది చాలు. చవకరకం గుజ్జు కాగితాలు కొన్నాళ్ళకి పచ్చబడతాయి కూడా, ఎండలో పెట్టిన పాత పేపరులాగ.

గోడబొమ్మల పద్ధతిలో తెల్ల పోస్టరు కలరుతో వేసేవాళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. గోధుమరంగు అట్టకాగితం మీద అవి ఇంకా అందంగా ఉంటాయి. ఆ పనికి ఖరీదైన కాగితం వాడితే దండగ అని నా అభిప్రాయం.

కాగితం తడపడం అంటే భయపడేవాళ్ళకి ఒక సంగతి. 1903లో ఇద్దరు జపాను చిత్రకారులు, యొకోయామా తైకాన్, హిషిదా షున్సో, కలకత్తా వచ్చారు. వాళ్ళు పని చేసే తీరు చూశాక అవనీంద్రనాథ్ ఠాగూరు వాష్ పద్ధతి తయారుచేసుకున్నాడు. రంగు వేసిన కాగితాన్ని నీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ రంగు వేసి, మళ్ళీ ముంచేవారు. మన డ్రాయింగ్ షీటుని ఒక్కసారి అలా ముంచి చూడండి, పప్పులో కలిసిపోతుంది. మన రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో చనిపోయేనాటికి ముప్పయ్యేళ్ళు కూడా లేవు. ఆయన బొమ్మలు ఆ ఊళ్ళో ఆయన పేరున్న గ్యాలరీలో ఉన్నాయి. విహారయాత్ర అటు వెళ్తే పార్కులు కొంచెం తగ్గించి అది చూపించమని సార్లని కోరుతున్నాను.

వార్డెన్ సారు ఏమంటారో నాకు తెలుసు. ధర ఎక్కువ, పిల్లలు పాడుచేస్తారు అంటారు. ధర ఎక్కువే, అబద్ధమెందుకు. కాని లెక్క చూడండి. ఇంపీరియల్ షీటు 22 అంగుళాలు, 30 అంగుళాలు. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 11 అంగుళాలు, ఏడున్నర అంగుళాలు వస్తుంది. నేర్చుకోడానికి ఆ ముక్క సరిపోతుంది, వెనకవైపు కూడా వేయొచ్చు. ఏటా అందరికీ కొత్త రంగుల పెట్టెలు కొంటున్నారు. వాటిలో సగం రంగులు ఎండిపోయి స్టోర్‌రూములో పడున్నాయి. ఒక ఏడాది పెట్టెలు తగ్గించి ఆ డబ్బు కాగితానికి పెట్టండి. పెన్సిలు బొమ్మలకి, స్కెచ్ పెన్నులకి పాత షీట్లే చాలు, అవి మానేయమనడం లేదు. పోటీ నోటీసులో కూడా ఏ రంగులకు పోటీయో రాస్తే సరిపోదు, ఏ కాగితం ఇస్తారో కూడా రాయాలి.

తోటివాళ్ళకి కూడా ఒక మాట. ఇటలీ ఫాబ్రియానో, ఫ్రాన్సు ఆర్చెస్ అని పేర్లు విని అవి ఉంటేనే బొమ్మ వస్తుందనుకునేవాళ్ళు మనలో తయారయ్యారు. ఆర్చెస్ మిల్లు 1492 నుంచి ఉంది, వాళ్ళ కాగితం గొప్పదే. మనకి రాజస్థాన్ సంగానేరులో పత్తిగుడ్డ ముక్కలతో చేతితో చేసే కాగితం ఉంది, పుదుచ్చేరిలోనూ చేస్తారు. చేతికాగితాల్లో కొన్నిటికి జిగురు సరిగా ఉండదు, కాబట్టి నీటి చుక్క పరీక్ష చేయకుండా కొనొద్దు.

విశాఖపట్నం వెళ్ళే సారు ఎవరైనా ఉంటే తేవలసినవి: 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ గుజ్జు కాగితం పది షీట్లు, హాట్ ప్రెస్ రెండు, రఫ్ రెండు, కాగితం టేపు ఒక చుట్ట. చెక్కపలకలు కొనక్కర్లేదు. విరిగిన బెంచీల పలకలు వంటషెడ్డు వెనక ఉన్నాయి, పొయ్యిలోకి పోకముందే నాలుగు పక్కన పెట్టించండి.

— తొమ్మిదో తరగతి, రెండో డార్మిటరీ