ఇఫ్ కూడా జవాబు చెప్పాలి

మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోను. బిల్లింగులో కొంతమంది కస్టమర్లకి టాక్స్ సున్నా పడుతోందిట. రెండు గంటలు తవ్వితే సంగతి బయటపడింది. టాక్స్ వేరియబుల్‌కి ముందు సున్నా పెట్టుకుని, కింద ఇఫ్-ఎల్స్‌లలో అసలు విలువ ఇస్తున్నాం. ఎవరో మధ్యలో కొత్త ఎల్స్-ఇఫ్ ఒకటి చేర్చి, అందులో విలువ ఇవ్వడం మర్చిపోయారు. ఆ ఎవరో నేనే లెండి!

తప్పు నాదే, కాదనను. కానీ అందులో భాషకీ కాస్త వాటా ఉందంటాను. జావాలో ఇఫ్ అనేది స్టేట్‌మెంట్. పని చేస్తుంది, విలువ మాత్రం ఇవ్వదు. అందుకే ముందో ఖాళీ గిన్నె పెట్టుకుని, ప్రతి దారిలోనూ మనమే నింపుకోవాలి. నిజానికి ఆ సున్నా పెట్టకపోతే కంపైలరే పట్టుకునేది. దాని గోల పడలేక మనమే నోరు మూయించాం.

అదే కోట్లిన్‌లోనో, రస్ట్‌లోనో అయితే ఇఫ్ మొత్తం ఒక ఎక్స్‌ప్రెషన్. దాని ఫలితాన్ని నేరుగా వేరియబుల్‌కి ఇచ్చేయొచ్చు. వేరియబుల్ టైపు ఫలానా అని రాసి పెట్టామా, ఏ ఒక్క దారిలో విలువ లేకపోయినా బిల్డే అవ్వదు. రస్ట్‌లో బ్రేసుల మధ్య బ్లాకుకీ విలువ ఉంటుంది: చివర సెమికోలన్ లేకుండా రాసిందే దాని జవాబు.

ఇదేమీ కొత్త సరుకు కాదు. లిస్ప్‌లోనూ, ఆల్గాల్ 68లోనూ ఉన్నదే. జావాకి మాత్రం స్విచ్‌ని ఎక్స్‌ప్రెషన్ చెయ్యడానికి 2020లో 14వ వెర్షన్ దాకా పట్టింది. ఇఫ్‌కి ఆ యోగం ఇంకా పట్టలేదు.

అలాగని అన్నీ ఎక్స్‌ప్రెషన్లే కావాలంటే నేనొప్పుకోను. సీలో అసైన్‌మెంట్ కూడా ఎక్స్‌ప్రెషనే కదా, ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటి కొట్టి ఎంతమందిమి ఏడవలేదూ! కోట్లిన్ ఇక్కడ తెలివిగా, అసైన్‌మెంట్‌ని స్టేట్‌మెంట్‌గానే ఉంచింది. విలువ తేల్చే వాటికి విలువ ఉండాలి, మార్పు చేసేవాటికి అక్కర్లేదు. నా మట్టుకు గీత అక్కడ గియ్యాలి.

"ఇఫ్‌లో ఇఫ్ ఇరికించి చదవలేకుండా చేస్తారు" అంటాడు మా టీములో ఒకాయన. నిజమే, కానీ అది స్టేట్‌మెంట్లతోనూ చేస్తున్నాం కదా?

భాష మార్చడం మన చేతుల్లో లేదు కాబట్టి, ఆ ఇఫ్‌లన్నీ తీసి చిన్న మెథడ్‌లో పెట్టి, ప్రతి దారిలోనూ రిటర్న్ రాశాను. ఇప్పుడు ఏ దారిలోనైనా రిటర్న్ మర్చిపోతే కంపైలరే తిడుతుంది. రాత్రి పదకొండింటి ఫోను కన్నా ఆ తిట్లే నయం.