దారిన పోతూ ఒక ఛాయాచిత్రం

ఛాయాగ్రహణమనేది విహారయాత్రలకు వెళ్లినప్పుడు మాత్రమే చేయవలసిన పని అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉన్నది. ఊటీకో, కొడైకెనాల్‌కో బయలుదేరేటప్పుడు కెమెరా వెంట తీసుకుపోవడం, కుటుంబ సభ్యులందరినీ ఒక జలపాతం ముందు వరుసగా నిలబెట్టి ఫోటో తీయడం మన ఇళ్లలో ఆనవాయితీ. దానిని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఏడాదిలో ఆ 6 రోజులు పోగా మిగిలిన 359 రోజులలో మనం ప్రయాణం చేయడం లేదా? క్వార్టర్స్ నుంచి కర్మాగారానికి బస్సులో వెళుతున్నాము. పెళ్లిళ్లకు, పేరంటాలకు రైలెక్కుతున్నాము. కూరగాయల కోసం స్కూటరు మీద బజారుకు పోతున్నాము. ఈ దారులన్నింటి పైన ఆకాశం ఉన్నది. దానికి టిక్కెట్టు లేదు.

ఈ విషయంలో షిఫ్టు ఉద్యోగులు అదృష్టవంతులని మా అభిప్రాయం. జనరల్ షిఫ్టు వారికి ఆకాశం తెల్లగా, చదునుగా కనిపించే వేళ తప్ప వేరొకటి దొరకదు. ఏ షిఫ్టుకు పోయేవారికి ఉదయసంధ్య, జనరల్ షిఫ్టు ముగించుకుని ఆలస్యంగా బయటపడిన వారికి సాయంసంధ్య, సి షిఫ్టు దిగి వచ్చేవారికి తెలతెలవారే వేళ లభిస్తాయి. మన దేశమంతటికీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరించి ఒకే కాలమానం ఉండటం వల్ల మరొక వింత కూడా ఉన్నది. విశాఖపట్నం ఆ రేఖకు చాలా దగ్గరలో ఉన్నది గనుక ఇక్కడి గడియారానికి, సూర్యునికి పెద్దగా పేచీ లేదు. జూన్ మాసంలో 5 గంటల 20 నిమిషాల ప్రాంతంలోనే సూర్యోదయమవుతుంది. పశ్చిమాన 70వ డిగ్రీ వద్దనున్న గుజరాత్ తీరంలో పనిచేసే మన సోదరులకు సూర్యుడు 50 నిమిషాలు ఆలస్యం. తూర్పున 95వ డిగ్రీ వద్దనున్న అస్సాం వారికి అంతే ముందు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క. ఒకే సమయానికి బయలుదేరే షిఫ్టు బస్సు ఒకచోట చీకటిలోను, మరొకచోట ఎండలోను నడవడానికి కారణమిదే. ఫోటో తీయదలచినవారు చేతి గడియారం చూడటం కన్న తమ ఊరి సూర్యుని వేళలు తెలుసుకొని ఉండటం మేలు.

సూర్యాస్తమయం కాగానే కెమెరా మూసివేయడం చాలామందికి అలవాటు. అసలు వేడుక ఆ తరువాతనే మొదలవుతుంది. సూర్యకాంతి వాయుమండలంలో ఎక్కువ దూరం పయనించినప్పుడు గాలి అణువులు నీలి కాంతిని దారి పొడుగునా చెదరగొట్టగా, ఎరుపు, నారింజ వర్ణాలు మిగిలి మన కంటికి చేరుతాయి. సూర్యబింబం దిగంతం కిందికి పోయిన తరువాత కూడా ఎంతో ఎత్తున ఉన్న ఈకమబ్బులకు ఆ ఎర్రని వెలుగు అడుగు నుంచి తగులుతూనే ఉంటుంది. కనుక 15, 20 నిమిషాలు ఆగినవారికి ఫలం దక్కుతుంది. ఆ ఈకమబ్బులు నీటి తుంపరలు కావు, మంచు స్ఫటికాలు. 1802లో ల్యూక్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు మేఘాలకు లాటిన్ పేర్లు పెట్టగా ప్రపంచమంతా నేటికీ వాటినే వాడుతున్నది. వృత్తిరీత్యా ఆయన మందుల తయారీదారు. మబ్బులను చూడటానికి వాతావరణ శాఖలో ఉద్యోగం అవసరం లేదనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావాలి?

ఇంద్రధనుస్సు విషయంలో మాత్రం అదృష్టం కన్న జ్యామితి ముఖ్యం. సూర్యుడు మన వీపు వెనుక ఉండాలి. అతని ఎత్తు 42 డిగ్రీలకు మించకూడదు. అందుచేత మిట్టమధ్యాహ్నం ఎంత చక్కని ఎండవాన కురిసినా నేల మీద నిలబడినవారికి హరివిల్లు కనిపించదు. ఉదయం బస్సులో పడమటి వైపు కిటికీని, సాయంత్రం తూర్పు వైపు కిటికీని ఎంచుకోవాలి. సాయంత్రం అందరూ అస్తమయం కోసం పడమటికి ఎగబడతారు గనుక తూర్పు కిటికీ తరచు ఖాళీగానే దొరుకుతుంది.

ఇక రైలు ప్రయాణం. కదిలే రైలులో నుంచి ఫోటోలు బాగా రావని అనేకులు నిరాశ పడుతుంటారు. కొద్దిపాటి లెక్క వేసుకుంటే ఏవి వస్తాయో, ఏవి రావో ముందే తెలిసిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు దాదాపు 16.7 మీటర్లు ముందుకు పోతుంది. షట్టరు సెకనులో 125వ వంతు కాలం తెరచి ఉంటే ఆలోగా రైలు 13 సెంటీమీటర్లు కదులుతుంది. 1000వ వంతు అయితే 1.7 సెంటీమీటర్లు. 50 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే, 10 మీటర్ల దూరంలోని తుమ్మచెట్టు ప్రతిబింబం 1000వ వంతులోనే ఫిల్ము మీద 0.08 మిల్లీమీటర్లు జరుగుతుంది. కంటికి స్ఫుటంగా కనిపించాలంటే ఆ జరుగుబాటు 0.03కు మించరాదు. అంటే ఆ చెట్టు చెరిగిపోక తప్పదు. అదే ఒక కిలోమీటరు దూరాన ఉన్న కొండ అయితే 125వ వంతులో సైతం 0.007 మిల్లీమీటరైనా జరగదు. కనుక రైలులో కూర్చున్నవారు దగ్గరి వస్తువులపై ఆశ వదులుకొని కొండలను, చెరువులను, మబ్బులను నమ్ముకోవాలి. ఏసీ బోగీ అద్దం వద్ద కటకాన్ని అద్దానికి వీలైనంత దగ్గరగా ఉంచి, చుట్టూ ఒక నల్లని రుమాలు కప్పితే లోపలి దీపాల ప్రతిబింబాలు పోతాయి. పక్క సీటు ప్రయాణికుడు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

ఈ లెక్కను పరీక్షించుకోవడానికి కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని మించినది మా ఎరుకలో లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960ల నాటి దశకంలో నిర్మించిన మార్గమది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో ఎత్తైనదిగా పేరు పొందినది. సొరంగాలు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. సొరంగంలోని చీకటికి అలవాటు పడిన కెమెరా వెలుపలికి రాగానే లోయనంతటినీ తెల్లబరచి వేస్తుంది. అందుచేత వెలుగును ముందుగానే బయటి దృశ్యానికి నిర్ణయించి బంధించి ఉంచుకోవాలి. 2017లో విశాఖ–అరకు రైలుకు అద్దాల కప్పు గల విస్టాడోమ్ బోగీని తగిలించిన తరువాత ఆకాశం కూడా లోపలికి వచ్చినది గాని, మా మనసు మటుకు తెరచిన కిటికీ గల మామూలు బోగీ వైపే మొగ్గుతుంది.

రాజమహేంద్రవరం వద్ద గోదావరి దాటేటప్పుడు మాత్రం కిటికీ మనది కాదు. 1974లో ప్రారంభమైన రోడ్డు–రైలు వంతెన పైన బండి ప్రవేశించగానే బోగీలోని వారంతా చిల్లర పైసలతో కిటికీల వద్దకు వస్తారు. పెద్దలు నాణెం వేసి దండం పెట్టుకునే వరకు ఛాయాగ్రాహకుడు పక్కకు తప్పుకోవడమే మర్యాద. ఉక్కు దూలాలు కంటికి అడ్డు తగులుతూనే ఉంటాయి. వాటి మధ్య నుంచి నది దొరికితే సంతోషం; లేకున్నా ఆ దూలాలే ఒక చట్రమవుతాయి.

ఇక్కడ కొంచెం కటువుగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. స్కూటరు నడుపుతూ ఒక చేత్తో సెల్‌ఫోను పైకెత్తి సంధ్యారాగాన్ని తీస్తున్న యువకులను మన టౌన్‌షిప్ రోడ్డు పైననే మేము చూస్తున్నాము. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం వాహనం నడుపుతూ చేతి ఫోను వాడటం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికే వస్తుంది. చట్టం సంగతి అటుంచి, ఇంటి వద్ద ఎదురుచూసేవారి సంగతి ఏమి కావాలి? బండి పక్కకు ఆపి, స్టాండు వేసి, అప్పుడు తీయండి. ఆ రెండు నిమిషాలలో మబ్బు పారిపోతే పోనివ్వండి. రేపు మరొకటి వస్తుంది. రైలు తలుపు వద్ద వేలాడటం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కర్మాగారం ఆవరణలో అనుమతి లేనిదే ఛాయాచిత్రాలు తీయరాదన్న నిబంధన అందరికీ విదితమే. మేఘం రహస్యమేమీ కాదు. కాని దాని కింద మన యంత్రశాలలు ఉన్నాయి.

ఫిల్ము కాలంలో రీలుకు 36 బొమ్మలే. 1960లో స్థాపించిన మన సోదర ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఊటీలో ఉత్పత్తి చేసిన ‘ఇందు’ ఫిల్మును వాడినవారు ఈ పత్రిక పాఠకులలో నేటికీ ఉంటారు. 100 స్పీడు ఫిల్ము, మంచి ఎండ, ఎఫ్ 16, సెకనులో 125వ వంతు అన్న సూత్రం అప్పట్లో నోటికి వచ్చేది. ఒక్కొక్క బొమ్మకు పైకం ఖర్చయ్యేది గనుక ఆకాశాన్ని తీసేవారిని చూసి ఇంట్లోవారు విసుక్కునేవారు. నేడు ఖర్చు లేదు, విసుగూ లేదు. అయితే తీసినవన్నీ ఫోనులోనే మరుగున పడిపోతున్నాయి. తారీఖు యంత్రమే వేస్తుంది గాని, అది ఏ చెరువో, ఏ మలుపో మనం రాయకపోతే పదేళ్ల తరువాత చెప్పగలిగేవారుండరు.

ఇది వట్టి కాలక్షేపం కాదని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు అందరికీ తెలిసివచ్చినది. ముందు రోజు వరకు పచ్చగా ఉన్న కొండలు ఒక్క పూటలో మోడులతో గోధుమ రంగుకు తిరిగాయి. బస్సు కిటికీలో నుంచి ఎవరో ఏమీ తోచక తీసి పెట్టుకున్న బొమ్మలు ఆ తరువాత ఆ కొండల పూర్వరూపానికి దాఖలాలైనాయి. ఇక్కడ ఎన్ని చెట్లుండేవి, ఏ వరుసలో ఉండేవి అన్న ప్రశ్నకు జ్ఞాపకం తడుముకుంటుంది, బొమ్మ తడుముకోదు. 2020 ఏప్రిల్ మొదటి రోజులలో లాక్‌డౌన్ వల్ల పొగ, దుమ్ము తగ్గగా పంజాబులోని జలంధర్ వాసులు తమ డాబాల పై నుంచి ధౌలాధార్ మంచుకొండలను చూడగలిగారు. ఆ దృశ్యాన్ని వారు ఫోటోలు తీయకపోయి ఉంటే తరువాత చెప్పినా ఎవరూ నమ్మి ఉండరు. పారిశ్రామిక ప్రాంతాలలో నివసించే మనకు మన పైనున్న ఆకాశం ఏ ఏడాది ఏ రంగులో ఉన్నదో తెలుసుకునే అవసరం ఇతరుల కన్న ఎక్కువ. జాతీయ రహదారి విస్తరణలో పోయిన తాడిచెట్ల వరుసలు, ఇళ్ల స్థలాలుగా మారిన చెరువులు మన దారులలో ఎన్ని లేవు?

కనుక ఆసక్తి గలవారు తమ నిత్యప్రయాణంలో ఒకే ఒక చోటును ఎంచుకొని, బస్సు ఆగే వీలున్న చోటైతే మరీ మంచిది, కార్తె మారినప్పుడల్లా ఒక బొమ్మ తీయవచ్చు. రోహిణిలో పగిలిన నేల, మృగశిరలో తొలి మబ్బు, ఆర్ద్రలో నీరు నిలిచిన మడి, స్వాతిలో కోతకు సిద్ధమవుతున్న చేను. ఏడాదికి 27 బొమ్మలవుతాయి. వీటిలో ఓ డజనును కాగితం మీద ముద్రింప జేసుకోండి. వెనుక స్థలం, తేదీ, వేళ రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తిడికి గీతలు ముందువైపు తేలుతాయి. మెత్తని పెన్సిలు మంచిది.