చిన్న బీరువా

తణుకు పట్టణమున పెండ్లికి పందిరిమంచము కావలసినను, పూజకు మందిరము కావలసినను కబురు వడ్రంగి ఇంటికే పోవును. అది సహజమే. కాని చదువుకొన్న గృహస్థుడు సెలవు దినములలో తానే ఉలి చేతబట్టి చిన్న పుస్తకముల బీరువా నొకదానిని చేసికొన్నచో ఇరుగుపొరుగువారు వింతగా చూతురు. ఆ చూపు వెనుక చేతిపని తక్కువదను పాత భావము దాగియున్నది. పాఠశాలలు దానిని నేటికిని తొలగింపలేకపోయినవి.

ప్రయత్నములు జరుగకపోలేదు. ఫిన్లండు దేశము 1866లోనే ప్రజా పాఠశాలలలో బాలురకు చేతిపనిని పాఠ్యాంశముగా చేర్చినది. 1937 అక్టోబరులో వార్ధా సభయందు గాంధీజీ చేతివృత్తి ద్వారా విద్య గరపవలెననిరి. పిల్లలు చేసిన వస్తువుల రాబడితో బడి ఖర్చు గడవవలెనన్న ఆశ మాత్రము ఆ పథకమునకు బరువైనది. బడి కార్ఖానాగా మారునను విమర్శ అప్పుడే వచ్చినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 వరకు గల తరగతుల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తినిపుణులయొద్ద నేర్చుకొనవలెనన్నది. అందు వడ్రంగము పేరును కలదు. అయితే పది దినములలో రంపము చేతికి అలవాటగునేమో గాని బీరువా పూర్తి కాదు. దానికి వేసవి సెలవులు కావలెను. నేర్పు వడ్రంగికి అతిథి మర్యాదతోపాటు కూలియు ముట్టవలెను.

ఈ పనిలో లెక్కల పాఠము దానంతట అదే వచ్చును. వెడల్పు 45, ఎత్తు 60 సెంటీమీటర్లు గల చట్రమును బిగించిన పిమ్మట రెండు కర్ణములను కొలువవలెను. రెండును 75 వచ్చిననే మూలలు సరిగా ఉన్నట్లు. ఒకటి 76, మరియొకటి 74 వచ్చినచో పొడవైన కర్ణము కొసలను పట్టి మెల్లగా నొక్కవలెను. నల్లబల్లమీద నిద్ర తెప్పించు పైథాగరసు సూత్రము ఇచట తలుపు పడుటకును పడకపోవుటకును కారణమగుచున్నది.

అంతకంటె గొప్ప పాఠము తేమ నేర్పును. గోస్తనీ తీరమున వైశాఖపు ఎండకు కర్ర ఎండి కుంచించుకొనును. శ్రావణపు ముసురులో తేమ పీల్చి ఉబ్బును. నార పొడవున ఈ మార్పు లెక్కకు రాదు. నారకు అడ్డముగానే వచ్చును. పలకను నాలుగు ప్రక్కల మేకులతో కదలకుండ బిగించినచో అది ఏదో ఒక వేసవిలో చీలును. తెలిసిన వడ్రంగి చట్రమునకు లోపల గాడి తీసి, పలకను జిగురు లేకుండ అందులో వదులుగా నిలుపును. అంగడిలో దొరకు రంపపు పొట్టు అట్టల బీరువాకు ఈ వెసులుబాటు లేదు. ఒకసారి నీరు త్రాగి ఉబ్బినచో మరల యథాస్థితికి రాదు.

వానకాలమున తలుపు బిగిసినదని వెంటనే చిత్రిక పట్టుట తొందరపాటు. వేసవి వచ్చుసరికి ఆ సందులో వ్రేలు దూరును. బీరువా చేసిన విద్యార్థి మే నెలలో పలకమీద, చట్రపు నిలువు అంచుల వెంబడి, పెన్సిలుతో సన్నని గీతలు గీయవలెను. ఆగస్టులో ఆ గీతలు గాడిలోనికి పోయి కనబడవు. మరుసటి వేసవికి మరల బయటికి వచ్చును.