ఫ్రేము బయట నిలబడ్డవాళ్లు

కాలేజీ ఫెస్టుకి బడ్జెట్ వేసే రోజున దేని మీదైనా తగువు నడుస్తుంది. డీజే కావాలా, బ్యాండ్ కావాలా అని ఒక గంట. అందరికీ భోజనం పెట్టాలా, స్టాళ్లు పెట్టి ఎవరి డబ్బుతో వాళ్లను తినమనాలా అని ఇంకో గంట. ఫోటో బూత్ అనే పద్దు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గదిలో అందరూ తలలూపుతారు. పిల్లలకు ఇష్టం. స్పాన్సర్ పేరు ప్రతి ప్రింటు మీదా పడుతుంది. రాత్రికల్లా కాలేజీ పేరు ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతుంది. వీటికి తోడు కొన్నేళ్లుగా ఇంకో మాట వినిపిస్తోంది. ఫోటో బూత్ విద్యార్థులను దగ్గర చేస్తుందనీ, కొత్తవాళ్ల బెరుకు పోగొడుతుందనీ, క్యాంపస్ అంతా మనదే అనే భావన కలిగిస్తుందనీ అంటున్నారు. మొదటి మూడు కారణాలతో నాకు పేచీ లేదు. ఈ నాలుగోది నిజం కాదు. దాన్ని నమ్మి కాలేజీలు తాము చేయాల్సిన అసలు పనిని వదిలేస్తున్నాయి కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బూత్ పక్కన ఒక అరగంట నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. నలుగురైదుగురు కలిసి వస్తారు. బల్ల మీద పరిచిన కాగితపు మీసాలు, పెద్ద పెద్ద కళ్లజోళ్లు, సినిమా డైలాగులు రాసిన అట్టలు తలా ఒకటి అందుకుంటారు. తెర మీద మూడు, రెండు, ఒకటి అని అంకెలు పడతాయి. మూడో నాలుగో పోజులు. నిమిషం గడవకుండానే పని అయిపోతుంది, ఇంకాసేపటికి ప్రింటు చేతికొస్తుంది. బూత్‌ను గంటల లెక్కన అద్దెకు తెస్తారు కనుక లైను ఎంత వేగంగా కదిలితే అంత గిట్టుబాటు. వాలంటీరు "నెక్స్ట్, నెక్స్ట్" అంటూనే ఉంటాడు. ఆ వచ్చిన నలుగురూ ఎవరు? పొద్దున ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు, మధ్యాహ్నం ఒకరి బాక్సులో ఒకరు చేతులు పెట్టి తిన్నవాళ్లు. స్నేహితులుగా లోపలికి వెళ్లారు, స్నేహితులుగానే బయటికొచ్చారు. వెనక నిలబడ్డ మరో అయిదుగురితో ఒక్క మాటైనా కలవలేదు. కలవాల్సిన అవసరాన్ని ఆ యంత్రం కల్పించదు.

అక్కడికి రానివాళ్ల సంగతి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గుంపు కోసం పెట్టిన కెమెరా ముందుకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో డిప్లొమా చదివి, ఈసెట్ రాసి, నేరుగా రెండో సంవత్సరంలో చేరే పిల్లలుంటారు. లాటరల్ ఎంట్రీ వాళ్లు. వాళ్లు వచ్చేసరికి మిగతావాళ్ల మధ్య ఏడాది పరిచయం ఉంటుంది. ఫ్రెషర్స్ డే ఎప్పుడో అయిపోయింది. ల్యాబ్ బ్యాచ్‌లు కుదిరిపోయాయి, హాస్టల్ గదుల్లో ఎవరితో ఎవరుండాలో తేలిపోయింది. మూడేళ్లు వర్క్‌షాపుల్లో గడిపి వచ్చారు గనక పని దగ్గర వీళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది, గణితం దగ్గర మొదట్లో తడబడతారు. క్లాసులో వీళ్లకీ మిగతావాళ్లకీ ఒకరి అవసరం ఒకరికి నిజంగా ఉంది. ఒకరికొకరు చెప్పుకోగలిగింది చాలా ఉంది. కానీ ఫెస్టు రోజున మనం వీళ్లకి చూపించే చోటు ఏది? ఎవరో పిలిస్తే తప్ప అడుగు పెట్టలేని ఒక ఫ్రేము.

లాటరల్ ఎంట్రీ ఒక్కటే కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికీ, కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయికీ మధ్య దూరం ఉంది. కన్వీనర్ కోటాకీ మేనేజ్‌మెంట్ కోటాకీ మధ్య, హాస్టలర్‌కీ సాయంత్రం కాలేజీ బస్సు అందుకోవాల్సిన డే స్కాలర్‌కీ మధ్య ఉంది. అన్నిటికన్నా లోతుగా కులం ఉంది. క్యాంపస్‌లో అందరికీ తెలిసినా స్టేజీ మీద ఎవరూ ఎత్తని మాట అది. ఈ గీతలన్నీ ఫోటో బూత్ గుండా చెక్కుచెదరకుండా అటు నుంచి ఇటు వచ్చేస్తాయి. మర్నాడు కాలేజీ పేజీలో వందల కొద్దీ నవ్వు మొహాలు పెట్టి, 'మా కుటుంబం' అని కింద రాస్తారు. ఆ ఫోటోల్లో లేనివాళ్లెవరో లెక్క చూసే కమిటీ మాత్రం ఏ కాలేజీలోనూ నాకు కనబడలేదు.

నిజానికి ఈ యంత్రం ఎందుకు పుట్టిందో చూస్తే దాని నుంచి ఇంత ఆశించడమే అన్యాయమనిపిస్తుంది. సైబీరియాలో పుట్టి అమెరికా చేరిన అనటోల్ జోసెఫో 1925లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఫోటోమాటన్ పేరుతో దీన్ని తెరిచాడు. పావు డాలరుకి 8 ఫోటోలు. కాగితం బయటికి రావడానికి కొన్ని నిమిషాలు పట్టేది. మొదటి ఆరు నెలల్లో దాదాపు 2,80,000 మంది అందులో కూర్చున్నారు. జనం అంతగా ఎందుకు ఎగబడ్డారు? అప్పటిదాకా ఫోటో అంటే స్టూడియోకి వెళ్లాలి, ఫోటోగ్రాఫర్ చెప్పినట్టు గడ్డం ఎత్తాలి, చెయ్యి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాలి. ఇక్కడ కెమెరా వెనక ఫోటోగ్రాఫర్ లేడు. స్టూలు మీద కూర్చుని మనిషి తనకు నచ్చిన మొహం పెట్టుకోవచ్చు. కాలక్రమంలో ప్రేమికులూ ప్రాణస్నేహితులూ ఇద్దరేసి ముగ్గురేసి అందులో ఇరుక్కుని కూర్చున్నారు. 1995లో జపాన్‌లో స్టిక్కర్లుగా ఫోటోలిచ్చే యంత్రాలు వచ్చి బడిపిల్లల చేతికందాయి. ఆ తర్వాత కొరియాలో నాలుగు గళ్ల ఫోటో స్టూడియోలు వీధివీధినా వెలిశాయి. ఎక్కడ చూసినా అది చేసింది ఒకే పని. ఒంటరిగా ఉన్నవాడికి ఏకాంతం ఇచ్చింది, దగ్గరవాళ్లకు ఆ దగ్గరితనం గుర్తుగా ఒక కాగితం ముక్క ఇచ్చింది. ఆ కాగితం పుస్తకంలో దాచుకునే పిల్లల్ని చూసి నాకూ ముచ్చటేస్తుంది. ఫేర్‌వెల్ రోజున బూత్ పెడితే నేను అడ్డు చెప్పను. నాలుగేళ్ల స్నేహానికి ఆ రోజు గుర్తు కావాలి. అపరిచితులను కలపాల్సిన ఫ్రెషర్స్ డే నాడు దాన్ని తెచ్చి నిలబెట్టి, బాధ్యత తీరిందనుకోవడమే నా అభ్యంతరం.

ఈ నమ్మకం విద్యార్థి కమిటీలకే పరిమితం కాలేదు. 2023 డిసెంబరులో యూజీసీ దేశంలోని విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ లేఖ రాసి, క్యాంపస్‌లలో సెల్ఫీ పాయింట్లు పెట్టమంది. వివిధ రంగాల్లో దేశం సాధించిన ప్రగతిని చూపే ఏర్పాట్ల ముందు విద్యార్థులు, సందర్శకులు ఫోటోలు దిగి సోషల్ మీడియాలో పంచుకుంటే సామూహికంగా గర్వించే భావన పెరుగుతుందని అందులో ఉద్దేశం. అధ్యాపకుల ఖాళీలు ఏళ్ల తరబడి నిండని చోట్ల కూడా ఆ లేఖ అందింది. పక్కపక్కన నిలబడి ఒకే బొమ్మ ముందు ఫోటో దిగినంత మాత్రాన పదిమందికీ ఒకే మనసు కలుగుతుందన్న లెక్క పై నుంచి కింది దాకా ఒక్కటే.

నన్ను వ్యతిరేకించేవాళ్ల దగ్గర మంచి వాదన ఒకటుంది, దాన్ని దాటేయను. 2016లో క్రిస్టిన్ డీల్, గాల్ జాబర్‌మాన్, అలిక్సాండ్రా బారాష్ అనే పరిశోధకులు, ఫోటోలు తీయడం వల్ల మనుషులు చేస్తున్న పనిలో మరింత లీనమై ఎక్కువ ఆనందిస్తారని చూపించారు. దానికి ఎదురుగా లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనం ఉంది. మ్యూజియంలో వస్తువులను ఫోటో తీసుకున్న విద్యార్థులకు, ఊరికే చూసిన వస్తువులు గుర్తున్నంత బాగా అవి గుర్తులేవని అందులో తేలింది. ఈ రెండింటిలో ఏది గెలిచినా నా వాదానికి నష్టం లేదు. ఫోటోతో ఆనందం పెరుగుతుందని ఒప్పుకుంటాను. ఒక మనిషి ఆనందించడం వేరు, ఆ మనిషికి ముక్కూమొహం తెలియని ఇంకొకరితో బంధం ఏర్పడడం వేరు. మొదటిదాన్ని కొలిచి రెండోది సాధించామని చెప్పకూడదు.

కలిసి ఆనందిస్తే మనుషులు కలిసిపోతారా అనే ప్రశ్నను మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ 1954లోనే పరీక్షకు పెట్టాడు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో రాబర్స్ కేవ్ అనే చోట వేసవి శిబిరానికి పదకొండేళ్ల ప్రాయం పిల్లల్ని 22 మందిని తెచ్చి రెండు జట్లు చేశారు. పోటీలు పెట్టేసరికి జెండాలు తగలబెట్టుకునే దాకా వెళ్లారు. తర్వాత వాళ్లను కలపడానికి మొదట చేసింది ఏమిటంటే, మన కమిటీలు చేసేదే. కలిపి సినిమా చూపించారు, కలిపి టపాసులు కాల్పించారు, ఒకే హాల్లో భోజనం పెట్టారు. ఏమీ మారలేదు, భోజనాల దగ్గర ఒకళ్ల మీద ఒకళ్లు తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయేటట్టు చేసి, గొట్టం పొడుగునా వెతికి బాగుచేయాల్సి వచ్చినప్పుడు మార్పు మొదలైంది. సరుకుల లారీ కదలకపోతే రెండు జట్లూ ఒకే తాడు పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఇళ్లకి వెళ్లే రోజున ఒకే బస్సులో వెళ్దామని వాళ్లే అడిగారు. ఆ తగవులను పెద్దవాళ్లే ఎగదోశారని తర్వాత కొందరు విమర్శించారు, ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా సినిమా కలపలేని పిల్లల్ని నీళ్ల గొట్టం కలిపిందన్న సంగతి మిగిలే ఉంది. ఒకరి చెయ్యి లేకుండా ఇంకొకరి పని జరగనప్పుడే కొత్త మనిషి వైపు చూస్తాం.

ఇది తెలుసుకోవడానికి ఓక్లహోమా దాకా పోనక్కర్లేదు. దసరా సెలవులకు ముందు తెలంగాణ కాలేజీల్లో బతుకమ్మ ఆడతారు. తంగేడు, గునుగు, బంతి, చామంతి తేవాలి. గునుగుకి రంగు అద్దాలి. ఒకరు తాంబాళంలో ఆకులు పరిస్తే ఒకరు పూలు అందించాలి, ఒకరు వరుస పేర్చాలి. ఊళ్లో అమ్మమ్మ దగ్గర పేర్చడం నేర్చుకున్న అమ్మాయికి ఆ రోజు క్లాసు టాపర్ కన్నా విలువ. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల అడుగు ఎలా వెయ్యాలో, చప్పట్లు ఎక్కడ పడాలో పక్కపిల్లను చూసి నేర్చుకుంటుంది. ఆడేది గుండ్రంగా గనక ఎప్పుడొచ్చినా ఇద్దరి మధ్య దూరవచ్చు, వలయం ఆ మేరకు పెద్దదవుతుంది. ఫ్రేముకి ఆ గుణం లేదు, అయిదుగురు నిండాక ఆరోవాళ్లు బయటికే. ఈ మధ్య బతుకమ్మ దగ్గరా పూల కటౌట్, రింగ్ లైట్ తెచ్చి పెడుతున్నారు. పేర్చిన బతుకమ్మను ముందు దాని దగ్గరికి మోస్తారు. ఒక్కో బ్యాచ్ ఫోటో అయ్యేదాకా ఆట మొదలవదు, మొదలైనా రీల్ కోసం మధ్యలో ఆగుతుంది. అది చూస్తే కడుపు రగులుతుంది. మనుషులను కలిపే ఏర్పాటు చేతిలో ఉండగా, కలిపినట్టు కనిపించే ఏర్పాటు కోసం దాన్ని ఆపుతున్నాం.

ఇంకో విషయం ఈ బూత్‌ల గురించి ఎవరూ మాట్లాడరు. ప్రింటుతో పాటు ఫోటో ఫోనుకి కూడా రావాలంటే నంబరు ఇవ్వమంటారు, లేదా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటారు. చాలా చోట్ల ఆ లింకు తెరిస్తే మన ఫోటో ఒక్కటే కాదు, ఆ రోజు దిగిన అందరి ఫోటోలూ కనిపిస్తాయి. ఎవరైనా దించుకోవచ్చు. ఒక ఫోటో దొరికితే దాన్ని ఏమేం చేయగలరో మన ఆడపిల్లలకు బాగా తెలుసు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. తీసుకున్న సమాచారాన్ని దేనికి వాడతారో చెప్పి అనుమతి తీసుకోవాలన్నది దాని మూలసూత్రం. ఆ ఫోటోలు అద్దెకిచ్చినవాళ్ల దగ్గర ఎన్నాళ్లుంటాయి, స్పాన్సర్‌కి నంబర్లు వెళ్తాయా అని ఏ కల్చరల్ కమిటీ అడుగుతోంది? కొందరు అమ్మాయిలు బూత్ వైపు రాకపోతే బిడియమనుకుంటాం. చాలాసార్లు అది జాగ్రత్త. ఆ జాగ్రత్త పడాల్సిన చోటును అందరూ కలిసే చోటు అనకండి.

బిడియస్తులకు బూత్ తేలిక, పని అప్పగిస్తే బెదిరిపోతారని కొందరు మిత్రులంటారు. నా అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. బిడియం ఉన్నవాళ్లకు చూపులంటే భయం గానీ పనంటే భయం కాదు. నవ్వమని కెమెరా ముందు నిలబెడితే బిగుసుకుపోయే కుర్రాడు, నిచ్చెన పట్టుకోమంటే వచ్చి పట్టుకుంటాడు. పైన సీరియల్ లైట్లు కడుతున్నవాడితో పది నిమిషాల్లో మాటలు కలుస్తాయి. ఫెస్టు ముందు రాత్రి స్టేజీ కట్టినవాళ్ల మధ్య పుట్టే స్నేహాలు ఫెస్టు చూడడానికి వచ్చినవాళ్ల మధ్య పుట్టవు. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ ఈ సంగతి మీదే నడుస్తోంది. ఊళ్లో ఏడు రోజుల శిబిరంలో కలిసి వండుకుని, కలిసి కాలువ పూడిక తీసి వచ్చిన పిల్లలు బ్రాంచీలు మర్చిపోతారు. ఏ ఊళ్లో ఏ బ్రాంచ్ వాళ్లతో పనిచేశారో ఏళ్ల తర్వాత కూడా పేర్లతో చెబుతారు.

కాబట్టి కమిటీల్లో కూర్చునేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఫ్రెషర్స్ డే బడ్జెట్‌లో బూత్ అద్దెకి పెట్టే డబ్బు తీసి భోజనాల పద్దులో కలపండి, వడ్డన క్యాటరింగ్ వాళ్లకి వదలకుండా పిల్లలకివ్వండి. వడ్డన జట్లు, స్టేజీ జట్లు, పార్కింగ్ జట్లు ఎవరి స్నేహితులతో వాళ్లు కట్టుకోకుండా బ్రాంచీలూ సంవత్సరాలూ కలిపి చీటీలు తీయండి. డే స్కాలర్లకు ఆ రోజు ఆలస్యంగా ఇంకో బస్సు నడపమని మేనేజ్‌మెంట్‌ను అడగండి, ఇవ్వకపోతే కార్యక్రమాన్ని మధ్యాహ్నానికి జరపండి. ఈసెట్ అడ్మిషన్లు ముగిశాక వచ్చే జాబితా ప్రతి కాలేజీ ఆఫీసులోనూ ఉంటుంది. ఫెస్టు పనులు పంచే ముందు ఆ జాబితా తెప్పించుకుని, అందులోని ప్రతి పేరూ ఏదో ఒక జట్టులో పడిందో లేదో చూడండి.