పుస్తకపు పెట్టె: అంకె వేసిన ప్రతులు



ఈ శీర్షికయందు మేము సాధారణముగా ఏ గ్రంథము చదువదగినది, ఏది పిల్లల చేతికి ఈయదగినది అను విషయములనే ముచ్చటించుచుందుము. ఈ మాసమున మాత్రము పుస్తకము కొనుటయా, మానుటయా అను ప్రశ్నను విచారింపవలసి వచ్చినది.

అనంతపురము జిల్లానుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె మఱది గుహ్యవిద్యలయందు అభిరుచి గలవాడు. ఇంగ్లండు దేశపు గుహ్యవిద్యా రచయిత యొకడు పూర్వము పత్రికలకు వ్రాసిన గ్రంథసమీక్షలన్నియు ఒక్కచోట చేర్చి అచ్చువేసిన పుస్తకమొకటి అమ్మకమునకు వచ్చినదట. అది పరిమిత ముద్రణము. వేసిన ప్రతులు కొన్నియే. ప్రతి దానిపైనను దాని వరుస అంకె వ్రాసియుండును. మేలైన కాగితము, బట్ట అట్ట, బంగారు అక్షరములు, పైన నొక పెట్టె. ఆ వెలతో ఆ యింటిల్లిపాదికి రెండు మాసముల గ్రాసము గడచును. ఈ యేడు వారి వేరుసెనగ పంట సగమైనను చేతికి రాలేదు. “ఈ సొమ్ము ఎక్కడికిని పోదు వదినా, పదేండ్లకు ఇబ్బడి యగును” అని మఱది యనుచున్నాడు. “చదువుటకు గాక దాచుటకే కొను పుస్తకము పుస్తకమగునా?” అని ఆ సోదరి మమ్మడిగినది.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపుకొను సీమలో ఈ ప్రశ్న వినోదమునకు అడిగినది కాదు. కావున దీనిని కొంత మొదటినుండి చూతము.

గ్రంథసమీక్ష యనగా నేమి? ఒకరు ముందుగా చదివి, తక్కినవారికి “ఇది చదువుడు, ఇది వలదు, ఇందులో ఈ మాట సరి, ఈ మాట తప్పు” అని చెప్పుట. అది పుట్టుకతోనే పదిమందికి చెప్పిన మాట. గుహ్యవిద్య యన్ననో, కొందరికే చెప్పవలసినదని దాచుకొను విద్య. అట్టి విద్యవారును సమీక్షలు వ్రాసిరా యని మీరు అడుగవచ్చును. వ్రాసిరి, మిక్కుటముగా వ్రాసిరి. అలీస్టర్ క్రౌలీ (1875–1947) అను ఆంగ్లేయుడు 1909 మొదలు 1913 వఱకు ‘ఈక్వినాక్సు’ అను పత్రికను నడపి, అందులో ఇతరుల గ్రంథములను వాడిమాటలతో సమీక్షించెను. ఆయనకు పరిమిత ముద్రణములయందు మోజు మెండు. 1898లో తన తొలి కావ్యమును నూరు ప్రతులు మాత్రమే వేయించెను. తండ్రి ఇచ్చిన ఆస్తి యుండుటచే ఆ ముచ్చట ఆయనకు చెల్లినది.

ఆయనకంటె ముందు ఈ పనిని మన దేశముననే ఒక స్త్రీ చేసినది. రష్యా దేశమున 1831లో పుట్టిన బ్లావట్‌స్కీ దొరసాని 1879 అక్టోబరున బొంబాయిలో ‘థియాసఫిస్టు’ అను మాసపత్రికను స్థాపించినది. 1882 చివర దివ్యజ్ఞాన సమాజపు కార్యస్థానముతోపాటు ఆ పత్రికయు మదరాసు చెంతనున్న అడయారునకు వచ్చినది. తన కడకు వచ్చిన పుస్తకములను ఆమె నెలనెలా అందులో సమీక్షించుచుండెడిది. ఆ మాటలన్నియు ఆ నెల చదువరుల కొఱకు వ్రాసినవే గాని పెట్టెలో పెట్టుటకు వ్రాసినవి కావు.

ఇక మనవాడైన ఒకని కథ వినుడు. తల్లాప్రగడ సుబ్బారావుగారు 1856లో కాకినాడలో పుట్టి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, కొంతకాలము బరోడా సంస్థానమున కొలువు చేసి, పిమ్మట మదరాసులో వకీలుగా పేరుగాంచిరి. 1882లో బ్లావట్‌స్కీ, ఆల్కాటుల పరిచయము కలిగినది. అంతవఱకు ఆయన నోట వేదాంతపు మాట వినినవారు లేరు. పరిచయమైన పిదప మూతవేసిన భాండాగారము తెఱచినట్లు మాటాడసాగిరని చెప్పుదురు. పగలు కచేరి వ్యవహారములు, రాత్రి ఈ వ్రాతలు. 1886లో అడయారు సభయందు భగవద్గీతపై ఆయన చేసిన ఉపన్యాసములు నేటికిని అచ్చులో నున్నవి. 1890 జూను 24వ తేదీని, ముప్పదినాలుగేండ్లైనను నిండకమునుపే, స్వర్గస్థులైరి.

సుబ్బారావుగారి సమీక్షలలో మన పాఠకురాండ్రు తెలిసికొనదగినది యొకటి కలదు. 1885లో ఆనా కింగ్స్‌ఫర్డు అను ఆమెయు, ఎడ్వర్డు మెయిట్లాండును కలిసి ఈజిప్టు దేశపు ప్రాచీన గుహ్యవిద్యను గూర్చి ‘విశ్వకన్య’ యని అర్థమిచ్చు పేరుతో నొక గ్రంథము ప్రకటించిరి. ఈ కింగ్స్‌ఫర్డు సామాన్యురాలు కాదు. స్త్రీలకు వైద్యవిద్య దుర్లభమైన ఆ కాలమున పారిసు నగరమునకు పోయి, ఒక్క జంతువునైనను హింసింపకయే చదువు ముగించి, 1880లో వైద్యపట్టమును పొందినది. శాకాహారమును గూర్చియే తన సిద్ధాంతవ్యాసమును వ్రాసినది. ఆ గ్రంథమును సుబ్బారావుగారు ‘థియాసఫిస్టు’లో మొగమోటము లేక విమర్శించిరి. గ్రంథకర్తలు ఊరకుండలేదు, అదే పత్రికకు ప్రత్యుత్తరము పంపిరి. ఆయన మరల బదులు చెప్పిరి. మదరాసు వకీలొకడు, లండను వైద్యురాలొకతె, నడుమ సముద్రములు. అయినను వాదము అందరి యెదుటను జరిగినది. చదువరులే తీర్పరులు. గొప్పవారి మాటయైనను పరీక్షకు నిలువవలసినదే యని నేర్పుటకంటె సమీక్షకు వేఱు ప్రయోజనము లేదు.

ఆ చదువరులు మహాపట్టణములందు మాత్రమే యుండిరనుకొనకుడు. మదరాసునుండి బొంబాయికి పోవు ఇనుపదారి 1871 నాటికే గుత్తిమీదుగా సాగి రాయచూరున కలిసినది. 1876–78 నాటి ధాత కరవు ఈ సీమను ఊడ్చివేసినది. 1882లో బళ్లారినుండి వేరుపడి అనంతపురము ప్రత్యేక జిల్లా ఆయెను. ఆ దశకముననే గుత్తికోట క్రింది పేటలో దివ్యజ్ఞాన సమాజపు శాఖ యొకటి పనిచేసినది. కరవు తీఱి పదేండ్లైనను కాని ఊరిలో ఇట్టి చర్చలపై ఆసక్తి గలవారుండుట చిన్న విషయము కాదు.

ఇప్పుడు అరుదు అను మాటను విచారింతము. వస్తువు రెండు విధముల అరుదగును. అచ్చువేయువాడు కావలెనని ప్రతులు తగ్గించుట యొకటి. కాలము, అగ్ని, చెదలు, అశ్రద్ధ కలిసి మ్రింగివేయుట రెండవది. బ్లావట్‌స్కీ రచనల సంగతియే చూడుడు. 1933–36 సంవత్సరములలో లండనులో నాలుగు సంపుటములు వెలువడినవి. అవి సామాన్య ముద్రణములే. రెండవ ప్రపంచయుద్ధమున లండనుపై బాంబులు పడినపుడు అమ్ముడుపోని ప్రతుల నిలువంతయు కాలిపోయినది. ఎవ్వరును అంకెలు వేయకుండగనే ఆ పుస్తకములు అరుదయ్యెను. అయినను 1950లో పని మరల మొదలై, 1991లో సూచికతో గూడి పదునైదు సంపుటములుగా ముగిసినది. ఎట్లు సాధ్యమైనది? ఆ సమీక్షలు అచ్చైన పాత మాసపత్రికలు గ్రంథాలయములలోను, ఇండ్లలోను చెల్లాచెదరుగా మిగిలియుండుటచే. ఒక్కచోట కాలినది పదిచోట్ల నిలిచినది. సుబ్బారావుగారి వ్రాతలను బొంబాయిలో తుకారాం తాత్యాగారు 1895లో, అనగా ఆయన పోయిన అయిదేండ్లకే, సంపుటముగా ప్రకటించిరి. 1931లో అడయారునుండి మరియొక ముద్రణము వెలువడినది. అందుచేతనే నేడు మనము ఆ వాదమును చదువగలుగుచున్నాము.

పరిమిత ముద్రణములను మేము నిందింపము. న్యాయము చెప్పవలెనన్న, ఇట్టి సమీక్షల సంపుటమును కొనువారు లోకమంతట వెదకినను కొలదిమందియే యుందురు. ఆ కొలదిమంది హెచ్చు వెల యిచ్చుటకు సిద్ధపడనిచో చిన్న ముద్రాపకుడు ఆ పనికి పూనుకొనలేడు. చెదరిన వ్యాసములు చెదరియే యుండును. మంచి కాగితము, మంచి కుట్టు గల పుస్తకము నూరేండ్లు నిలుచును. ఇది మేలు. అయితే ఆ మేలు వేరు, “సొమ్ము ఇబ్బడి యగును” అను మాట వేరు.

కావున ఆ సోదరి తన మఱదిని కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలడుగవలెనని మా సలహా.

మొదటిది: ఈ వ్రాతలు వేరుచోట దొరకునా? బ్లావట్‌స్కీ, సుబ్బారావు, క్రౌలీల కాలపు పాతపత్రికలు పెక్కు ఛాయాప్రతులుగా నేడు అంతర్జాలమున ఉచితముగా చదువ దొరకుచున్నవి. చదువుటకే యైనచో చేతిలోని ఫోను చాలును.

రెండవది: ఈ ప్రతిలో క్రొత్తగా నేమున్నది? ముందెన్నడును అచ్చుకాని వ్రాతలా, పండితుని పీఠికా వివరణలా, లేక అట్టయు అంకెయు మాత్రమేనా? అంకె విలువ నీయదు. నూఱింటిలో ఏడవ ప్రతియైనను కోరువారు లేనిచో అది ఏడవ ప్రతిగానే యుండిపోవును.

మూడవది: అమ్మదలచిననాడు కొనువాడెవడు? గుత్తిలోను లేడు, తాడిపత్రిలోను లేడు. దూరదేశపు వర్తకునికి పంపవలెను. అతని లాభము, తపాలు ఖర్చు పోను మిగిలినదే మనది. ఆ వర్తకుడును మూల నలుగని, మఱక పడని, పెట్టెతో గూడిన ప్రతినే కోరును. అనగా పదేండ్లు దానిని చదువక కాపాడవలెను. బంగారమునైన ఆపదలో తాకట్టు పెట్టవచ్చును. ఈ పుస్తకముపై అప్పిచ్చు షావుకారు మన ఊళ్లలో నుండడు.

నాలుగవది: ఏ సొమ్ముతో కొనుట? ముచ్చట తప్పు కాదు. పురుషుల ముచ్చటలే కాదు, మన ముచ్చటలును తప్పు కావు. కాని ముచ్చటను ముచ్చట యనియే పిలువవలెను. మదుపు అని పేరు పెట్టి గ్రాసపు సొమ్మును ముట్టరాదు. వాన కురిసి, పంట వచ్చి, అప్పు తీఱిన యేట, మఱది తన స్వంత సంపాదనలో కూడబెట్టి కొనుక్కొనినచో ఎవరును అడ్డుచెప్పరు. కొనిన పిదప పెట్టె తెఱచి చదువవలెను. వదినగారికిని చదివి అర్థము చెప్పవలెను.

ఇంట పుస్తకములున్నవారికి కొన్ని సూచనలు. మన ఎండకు కాగితము పెళుసెక్కును. కావున రేకుపెట్టెలో పెట్టి మిద్దెమీద నుంచరాదు. నేలకును గోడకును ఆనించినచో చెదలు పట్టును. బీరువాను కొంత యెడముగా నుంచవలెను. నీడన ఎండిన వేపాకును, వసకొమ్మును పలుచని గుడ్డలో మూటగట్టి అరల మూలల నుంచుడు. వానలు తగ్గిన పిదప ఒకసారి పుస్తకములన్నియు దింపి, నీడన గాలికి ఆరబెట్టి, మెత్తని గుడ్డతో దులుపుడు. చినిగిన పుటకు బంకటేపు అంటింపకుడు. కొన్నాళ్లకు అది పసుపుపచ్చనై కాగితమును తినివేయును.

చివరిమాట మా పాఠకురాండ్రందరికి. కరవు యేట ఇంటిలోనివి అమ్మవలసివచ్చినపుడు ఇత్తడి బిందెకైనను కన్నీరు పెట్టుదుము గాని, అటకమీది పాతపత్రికల కట్టను తూకమునకు వేయుటకు వెనుదీయము. హిందూసుందరి (1902), సావిత్రి (1904), గృహలక్ష్మి (1928) వంటి పత్రికల పాతసంచికలు ఇంకను ఏయే యిండ్లలో మూలుగుచున్నవో! నాడు స్త్రీలు వ్రాసిన పుస్తకములను గూర్చి నాటివారేమి తలంచిరో చెప్పునవి అట్టి కట్టలే. సుబ్బారావుగారి మాటలను ఏర్చి కూర్చుటకు ఒక తుకారాం తాత్యా లభించెను. మన అమ్మమ్మల పుస్తకముల సంగతి మనమే చూచుకొనవలెను. కావున కట్ట విప్పుడు. పత్రిక పేరు, నెల, సంవత్సరము, సమీక్షింపబడిన పుస్తకము, సమీక్షించినవారి పేరు ఒక నోటుబుక్కులో వ్రాయుడు. ఫోనుతో పుటల ఛాయలు తీసి సమీప గ్రంథాలయమునకు అందజేయుడు. దీనికి ఒక మధ్యాహ్నపు ఓపిక చాలును, ఒక్క రూపాయి అక్కఱలేదు.