విద్యామేళాకు ప్రశ్నలతో వెళ్ళండి

పన్నెండో తరగతి పరీక్షలు ముగిసే రోజులలో నగరాలలో విద్యామేళాలు జరుగుతుంటాయి. ఒకే హాలులో అనేక కళాశాలల వారు బల్లలు వేసుకొని కూర్చుంటారు. కరపత్రాలు పంచుతారు, వివరాలు చెబుతారు. సాయంత్రానికి విద్యార్థి చేతిసంచీ నిండుతుంది. కాని తెలుసుకోవలసినది తెలిసిందా? చాలా సందర్భాలలో లేదనే చెప్పాలి. మనం అక్కడికి చూడటానికి వెళ్తాం, అడగటానికి వెళ్ళం. నా అభిప్రాయంలో లోపం ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకోండి. తాతగారు ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మనుమరాలు సార్వత్రిక విద్యావిధానంలో పన్నెండో తరగతి చదివి, తండ్రితో కలిసి మేళాకు వెళ్ళింది. చుట్టూ హిందీ మాటల సందడి. ఒక బల్ల దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లోని కళాశాల నుంచి వచ్చినాయన తెలుగులో పలకరించాడు. "మనవాళ్ళేనా! అయితే సీటుకు బెంగ లేదండీ. ఈ రోజే కొంత కట్టి వెళ్ళండి" అన్నాడు. తండ్రికి ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

అప్పుడు ఆ అమ్మాయి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "నాకు ఇచ్చేది ఏ కోటా సీటండీ?"

తెలుగు రాష్ట్రాలలో కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించే పద్ధతి ఉంది. ఇది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో వచ్చింది. మిగిలిన సీట్లకూ షరతులు ఉంటాయి. స్థానికతను చదివిన చోటును, నివాసాన్ని బట్టి నిర్ణయిస్తారు, మాతృభాషను బట్టి కాదు. బారిడీహ్‌లో పుట్టి పెరిగిన ఆ అమ్మాయి అక్కడ స్థానికేతర అభ్యర్థి. ఆమెకు చూపుతున్నది యాజమాన్య కోటా సీటు అయితే ఫీజు లెక్క మారిపోతుంది. ఈ ఒక్క ప్రశ్న తండ్రి దాచుకున్న భవిష్యనిధిని కాపాడవచ్చు.

రెండో ప్రశ్న మన సర్టిఫికెట్ గురించి. సార్వత్రిక పాఠశాలలో చదివామని చెప్పడానికి మనలో కొందరు సంకోచిస్తారు. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా మొదలై, 2002లో ఇప్పటి పేరు పొందిన మన సంస్థ ప్రభుత్వ గుర్తింపు గల జాతీయ బోర్డు. తల దించుకోవలసిన పని లేదు. అయితే మన విధానంలో సబ్జెక్టులను మనమే ఎంచుకుంటాం. కాబట్టి "నేను చదివిన సబ్జెక్టులతో ఈ కోర్సుకు అర్హత ఉందా?" అని ముందే అడగాలి. చేరిన తరువాత లేదని తేలితే ఒక సంవత్సరం వృథా అవుతుంది.

మూడో ప్రశ్న ఖర్చు గురించి. మొదటి సంవత్సరం ఫీజు చెప్పి ఊరుకుంటే సరిపోదు. కోర్సు పూర్తయ్యే వరకు ఫీజు, హాస్టలు, భోజనం, పరీక్ష రుసుము అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇమ్మనండి. కళాశాలకు ఉన్న గుర్తింపును ఇంటికి వచ్చాక మీరే సరిచూసుకోండి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తుంది. అసలు సర్టిఫికెట్లను ఎవరికీ అప్పగించకండి. విద్యాసంస్థలు వాటిని తమ వద్ద ఉంచుకోరాదని ఆ సంఘమే 2018లో స్పష్టం చేసింది.

ఇన్ని ప్రశ్నలు వేస్తే సీటు చేజారదా అని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం సహజమే. కాని ప్రశ్న వేసినంత మాత్రాన పోయే సీటు పోతేనే మేలు. నిజంగా చదువు చెప్పే కళాశాల సమాధానం చెప్పడానికి వెనుకాడదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు.

మేళా వల్ల లాభం లేదని నేను అనను. ఒకే ప్రశ్నను నాలుగు బల్లల దగ్గర అడిగి, నాలుగు సమాధానాలను పోల్చుకొనే అవకాశం మరెక్కడా దొరకదు. అయితే హాలుకు రాని కళాశాలలను మరచిపోకండి. బారిడీహ్‌లోనే 2020లో ప్రారంభమైన మణిపాల్ టాటా వైద్య కళాశాల ఉంది. ఆదిత్యపూర్‌లో 1960లో మొదలైన ఇంజనీరింగ్ సంస్థ ఇప్పుడు జాతీయ సాంకేతిక సంస్థ, అంటే ఎన్‌.ఐ.టి. చాయీబాసాలో 2009లో ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటికి దగ్గరలో ఉన్నవాటి వివరాలు కూడా తెలుసుకున్న తరువాతే దూరపు కళాశాలతో పోల్చండి.

మేళాకు వెళ్ళే ముందు రోజు రాత్రి మీ ప్రశ్నలను నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి ప్రశ్న ఎదుట సమాధానానికి చోటు వదలండి. డబ్బు మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. తిరిగి వచ్చాక ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకొని, ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోండి. నిర్ణయం అక్కడ జరగాలి, ఆ హాలులో కాదు.